కొరాపుట్ వెళ్ళొచ్చిన ముడుపు

మా అమ్మకి పచ్చిమిర్చి ధర మూడు చోట్ల తెలుసు. రాయగడ బస్టాండు పక్క బండి మీద ఎంత, రోజువారీ బజార్లో ఎంత, సాయంత్రం దుకాణాలు ఎత్తేసే ముందు ఎంత అని అడగండి, తాలింపులోంచి తల ఎత్తకుండా చెప్పేస్తుంది. ఎక్కడైనా రెండు రూపాయలు తక్కువని తెలిస్తే చాలు, చెప్పులరిగేలా నడుస్తుంది. ఆ చెప్పులు కుట్టించడానికి ఇరవై అవుతుందన్న లెక్క మాత్రం ఆవిడ బుర్రకెక్కదు. చిన్నప్పటినుంచీ నాకు ఒళ్ళు మండేది ఇందుకే. మా అమ్మకంటే నేను తెలివైనదాన్నని గట్టి నమ్మకం నాకు. డిగ్రీలో కామర్స్ తీసుకున్నాక ఇక నన్ను పట్టేవాళ్ళే లేరు.

అమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. బస్టాండుకి ఎదురుగా తోపుడుబండి. నాన్న నీళ్ళ ట్యాంకరు మీద దినకూలీ. ఆయన డబ్బులు ఏ వారం చేతికొస్తాయో ఆయనకే తెలియదు, అంచేత ఇల్లు ఇడ్లీ మీదే నడిచేది. పప్పు నానబెట్టడం ఇంట్లో, రుబ్బించడం వీధి చివర మిల్లులో. రోజూ సాయంత్రం రెండు గిన్నెలు నెత్తిన పెట్టుకుని వెళ్ళడం, అరవై రూపాయలు ఇవ్వడం, పిండి తెచ్చుకోవడం. ఆ అరవై గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్కనాడు మాట్లాడుకోగా నేను వినలేదు.

ఒకరోజు అమ్మకి నడుం పట్టేస్తే గిన్నెలు నేను మోసుకెళ్ళాను. మిల్లు బల్ల మీద కూర్చున్నాను. ఊసుపోక ఫోన్లో లెక్క వేశాను. అరవై, ఇంటూ ముప్ఫై, ఇంటూ పన్నెండు. వేసి, తప్పేమోనని మళ్ళీ వేశాను. ఇరవై ఒక్క వేల ఆరు వందలు! దారిపొడుగునా పిండి ఒలకబోసుకుంటూ ఇంటికి పరిగెత్తాను.

"అమ్మా! మనం ఏడాదికి ఇరవై ఒక్క వేలు మిల్లుకి పోస్తున్నామే!"

"ఏటే అమ్మీ, అలాగరుస్తావు? ఇరవై వేలు నానెప్పుడిచ్చేను? అన్ని డబ్బులు నా జన్మలో సూణ్ణేదు!"

పాపం, నిజంగానే బెదిరిపోయింది, నేనేదో దొంగతనం అంటగట్టినట్టు. ఇరవై వేలు ఎవరైనా ఒక్కసారి అడిగితే ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయేది. రోజుకి అరవై చొప్పున అడిగారు కాబట్టి ఇచ్చేసింది. పచ్చిమిర్చి మీద రెండు రూపాయలు పట్టుకున్న మనిషి ఇంత పెద్ద చిల్లు చూడలేదంటే, చూడ్డానికి ఆవిడకి ఖాళీ ఎక్కడిది? రేపటి మినప్పప్పుకి ఉందా లేదా అన్నదే ఆవిడకి చాలినంత పని. ఈ మాట ఇప్పుడు అంటున్నాను. అప్పుడు మాత్రం "నీకు లెక్కలు రావు" అని మొహం మీదే అనేశాను.

ఆ పూట చట్నీలో ఉప్పు లేదు. మర్నాడు పొద్దున్నే ఇడ్లీ రేకులు తోముతూ మెల్లిగా అడిగింది.

"అమ్మీ, గ్రైండరెంతుంతాది?"

కొత్తది మా వల్ల కాదు. కానీ అమ్మ నోరు ఊరుకుంటుందా? ఎవరితో అందో, ఆ మాట ఎక్కడికెక్కడికి పోయిందో, పది రోజుల్లో కొరాపుట్ నుంచి కబురొచ్చింది. అక్కడ టిఫిన్ హోటలు నడిపే ఒకావిడ, పార్వతీపురం వైపు మనిషి, మోకాళ్ళు పట్టేసి హోటలు ఎత్తేస్తోంది. ఒకప్పుడు రాయగడలో ఒకే టోకు దుకాణంలో బియ్యం కొనేవారట ఇద్దరూ. మా అమ్మ ఆవిడని అక్క వరసలో అప్పా అనేది. ఫోన్లో ఆవిడ గొంతు నాకూ వినబడింది.

"ఏడు వేలు. ఆదివారం మజ్జానం పన్నెండు దాకా నీకోసం ఉంచుతాను సెల్లీ. బొయిపరిగుడ నుంచి ఒకాయన కూడా అడుగుతున్నాడు, సంత కాడ కొట్టెట్టేడంట. పన్నెండు దాటితే ఆయనకిచ్చెత్తాను, నన్ననుకోకు."

ఏడు వేలు! నాలుగు నెలల మిల్లు డబ్బు! నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. నాన్న పాత బాకీ కూలి చేతికొచ్చింది, నేను ట్యూషన్ చెప్పిన ఎనిమిది వందలు ఇచ్చాను. అమ్మ ఆ వారం ఇంట్లోకి కూరగాయలే తేలేదు. నా ఫోను ప్యాకు అయిపోతే, "గ్రైండరొచ్చినాక ఏయిద్దాం" అంది. ఎంత దులిపినా ఆరు వేల వంద తేలింది. తొమ్మిది వందలు తక్కువ.

ఆ తొమ్మిది వందలూ ఇంట్లోనే ఉన్నాయి. అదీ నా మంట.

వంటగదిలో దేవుడి పటం పక్క మేకుకి పసుపు గుడ్డ మూట వేలాడేది. మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ తల్లికి ముడుపు. మంగళవారం మంగళవారం తలస్నానం చేసి అమ్మ అందులో పదో ఇరవయ్యో పెట్టి మళ్ళీ ముడి వేసేది. వెయ్యి దాటే ఉంటుందని నా అంచనా. డబ్బాలో దాచిన డబ్బు మా ఇంట్లో నిలిచేది కాదు. ఎదురింటి పిల్లకి జ్వరం అనేవారు, పక్కింట్లో గ్యాసు అయిపోయిందనేవారు. ఉండీ లేదనడం మా వీధిలో కుదరదు, రేపు మనకి అయిపోతే వాళ్ళ గుమ్మంలోనే కదా నిలబడాలి. ముడుపు మాత్రం అందరికీ కనబడుతూ వేలాడేది, దాన్ని ఎవరూ అడిగేవారు కాదు. బీడీకి కూడా డబ్బుల్లేని రోజున నాన్న కూడా అటు చూసేవాడు కాదు.

"విప్పేసి, పదిహేను రోజుల్లో మళ్ళీ కట్టేద్దామే," అన్నాను.

"అమ్మోరి సొమ్ము. నోరుముయ్యి."

"అమ్మవారికి ఇప్పుడు గ్రైండరు అవసరమా, మనకి అవసరమా?"

అట్లకాడ విసిరింది. తప్పించుకున్నాను.

ఆదివారం తెల్లవారకుండానే బయలుదేరాం. ఇడ్లీ బండి నాన్నకి అప్పజెప్పాం. బస్సులో వెళ్దామని నేను, రైల్లో వెళ్దామని అమ్మ. రైలుకయ్యేది బస్సుకయ్యేదాంట్లో నాలుగోవంతు. "రానూ పోనూ నాలుగొందలు మిగుల్తాదే" అంది, అంటూనే టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పళ్ళు నూరుకుంటూ వెనకాల. అమ్మ చీరచెంగుకి రెండు ముళ్ళు, రవికలో ఒక ముడి. గ్రైండరు డబ్బు రెండు ముళ్ళలో, తిరుగు టికెట్లు మూడో దాంట్లో. చేతిలో సంచి, సంచిలో ఇడ్లీల డబ్బా.

కొండలెక్కే దాకా రైలు బాగానే పోయింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ ఓహో అని అరుస్తున్నారు. నేనూ అరిచాను, అంత ఉషారుగా ఉంది నాకు! గ్రైండరుకి బొట్టు ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను. అప్పుడు ఆగింది బండి. ఎదురుగా గూడ్సు రావాలట. ఒక గూడ్సు వెళ్ళింది, బండి కదల్లేదు. ఇంకో గూడ్సు రావాలట! టైము పది. పదిన్నర. పక్కనే మా అమ్మ పల్లీలమ్మే ఆయనతో ఒడియాలో బేరమాడుతోంది, పది రూపాయల పొట్లం ఏడుకిమ్మని.

"అమ్మా, పన్నెండు దాటిపోతుందే!"

"నానేటి సేత్తాను? రైలు నెట్టమంటావేటి?"

హోటలావిడకి ఫోను చేసి ఆలస్యమవుతోందని చెప్పాలి. నా ఫోనుకి కాల్స్ వస్తాయి, వెళ్ళవు. ప్యాకు లేదుగా! ఎదురుగా కూర్చున్నాయన్ని బతిమాలి ఫోను అడిగాను. ఇచ్చాడు మహానుభావుడు, కానీ ఆ కొండల్లో సిగ్నలేదీ? ప్యాకు వేయించకుండా మిగిల్చిన డబ్బు, బస్సెక్కకుండా మిగిల్చిన డబ్బు, మొత్తం కలిపి ఏడాదికి మిగలాల్సిన ఇరవై ఒక్క వేలకి ఎసరు పెట్టాయి. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ పొట్లం నా ఒళ్ళో పెట్టింది. ఏడుకే ఇచ్చాడట.

కొరాపుట్‌లో దిగేసరికి పన్నెండు ఇరవై. స్టేషను నుంచి ఊళ్ళోకి చాలా దూరం, ఆటో ఎనభై అన్నాడు. మా అమ్మ ఆటో వంక కూడా చూడకుండా చీర ఎగదోపి నడక మొదలెట్టింది! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నడిరోడ్డు మీద నిలబడి అరిచాను.

"నువ్వు నడుచుకుంటూ పో, అక్కడ ఖాళీ గది చూసుకుని రా!"

"మాటాడితే టైము పోతాది, పద పద."

ఇక లాభంలేదని నా పెన్సిలు డబ్బాలోంచి వంద నోటు తీసి ఆటో ఎక్కాను. ట్యూషను డబ్బుల్లోంచి నాకోసం దాచుకున్నది. అమ్మ ఆ నోటు వంక చూసింది, నా వంక చూసింది.

"నీకాడ వందున్నాదేటే దొంగముండా! తొమ్మిదొందలు తక్కువైందని ఇంతేడుత్తుంటే!"

ఏం చెప్పను? నేనూ ఆవిడ కూతుర్నే. ఇంటికంతటికీ అవసరమైనప్పుడు కూడా ఒక్క నోటు పక్కన పెట్టుకున్నాను. ఆటోలో ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

హోటలు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. బొయిపరిగుడ ఆయన వచ్చేశాడన్నమాట! లోపల బల్లలన్నీ గోడకి చేర్చేసి ఉన్నాయి. మధ్యలో గ్రైండరు, స్టీలు డ్రమ్ము, లోపల నల్లరాయి. నిగనిగలాడుతోంది! దాని పక్క స్టూలు మీద బొయిపరిగుడ ఆయన, చేతిలో తాడు, ఒళ్ళో నోట్లు. హోటలావిడ గోడ గడియారం చూపించింది.

"పన్నెండు నలబయ్యయిపోనాది సెల్లీ. రావనుకున్నాను."

"రైలాగిపోనాది అప్పా. ఎంతకిత్తావు, ఐదువేలకియ్యి."

చచ్చానురా దేవుడా అనుకున్నాను! గొంతు పిసకాలనిపించింది. అవతల మనిషి ఏడు వేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఈవిడ ఐదు దగ్గర మొదలెట్టింది. నోరు తెరిస్తే బేరమే వస్తుంది, వేరే మాట రాదు. ఆ ఆయన పగలబడి నవ్వాడు. హోటలావిడ మాత్రం నవ్వలేదు.

"బేరాలు నేవు. మాటిచ్చేను గాబట్టి నువ్వే ముందు. ఏడువేలెడితే పట్టుకుపో, నేకపోతే ఆయనకిచ్చెత్తాను."

అమ్మ నేల మీద చతికిలబడింది. ఒక ముడి విప్పింది, ఐదు వేలు. రెండో ముడి విప్పింది, పదకొండు వందలు. పైసా పైసా లెక్కపెట్టి ముందు పెట్టింది. తర్వాత చేతులు కదల్లేదు. ఆ నిమిషంలో అమ్మ మొహం చూడలేకపోయాను. ఐదువేలతో మొదలెట్టింది బేరం యావతో కాదు, దగ్గర లేక. నా పెన్సిలు డబ్బాలో మిగిలిన ఇరవై రూపాయలు కూడా తీసి పెట్టేద్దామనిపించింది.

అమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. ఇడ్లీల డబ్బా పక్కకి నెట్టి, అడుగునుంచి పసుపు గుడ్డ మూట తీసింది.

ముడుపు! పొద్దున్న మేకు ఖాళీగా ఉండటం నేను చూసుకోనేలేదు.

"అప్పా, తొమ్మిదొందలు తక్కువున్నాది. ఇది మా మజ్జిగౌరమ్మ తల్లి ముడుపు. నీకాడ ఉంచుకో. పదేను రోజుల్లో నీ డబ్బులిచ్చేసి పట్టుకెల్తాను."

హోటలావిడ మోకాళ్ళ నొప్పుల మనిషా! ఒక్క గెంతు గెంతి గోడకి ఆనుకుపోయింది.

"ఓలమ్మో! తియ్యి, తియ్యి, ముందది తియ్యి! ఒకలి మొక్కు నా ఇంట్లో ఎట్టుకుంతానా? నాకేటి పిచ్చెక్కినాదా? ఉన్న మోకాళ్ళు కూడా పోతాయి!"

"మరి ఇప్పీమంటావా?" అంది అమ్మ, ముడి మీద వేలు పెట్టి.

"ఇప్పకే తల్లీ! నా గ్రైండరు కోసం అమ్మోరి ముడుపిప్పేవంటే ఆ పాపం నాకే సుట్టుకుంతాది!"

బొయిపరిగుడ ఆయన ఎప్పుడు లేచాడో లేచాడు. మూటకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, నోట్లు జేబులో కుక్కేసుకున్నాడు. ఆయన కూడా ఆ తల్లి దగ్గరికి ఏటా వెళ్ళేవాడేనట. "ఆవిణ్ణే తీసుకెల్లనియ్యండి, నాకొద్దు" అన్నాడు. హోటలావిడ ఆరు వేల వంద గబగబా ఏరుకుని, తొమ్మిది వందలు తర్వాత పంపమని, ముందు ఆ మూట సంచిలో పెట్టెయ్యమని బతిమాలింది. గ్రైండరు మాది! నేను ఎగిరి గంతేశాను. ఆ నల్లరాయిని ముద్దు కూడా పెట్టుకున్నాను, సిగ్గులేకుండా.

"మరి ఎలాగట్టుకెల్తారు?" అంది హోటలావిడ.

అమ్మ నావంక చూసింది. నేను అమ్మవంక చూశాను. వారమంతా ఆ తొమ్మిది వందల చుట్టూ తిరిగాం. ఇద్దరిలో ఒక్కరికి, ఒక్కసారైనా, ఈ బండరాయిని రాయగడ ఎలా చేర్చాలన్న ఆలోచన రాలేదు. కామర్స్ చదువుతున్న నాకు కూడా! ఆయన తాడు తెచ్చుకున్నాడు, ట్రాలీ తెచ్చుకున్నాడు. మేము పల్లీలు తెచ్చుకున్నాం. చివరికి ఆయనే తలపట్టుకుని, ఎలాగూ మాట్లాడిన బండే కదా అని మమ్మల్నీ గ్రైండర్నీ స్టేషను దగ్గర దించాడు. తాడు కూడా మాకే వదిలేశాడు.

రైల్లోకి ఎక్కించడానికి అల్లం బస్తాలతో వెళ్తున్న ఆడవాళ్ళు నలుగురు చెయ్యి వేశారు. సొరంగం వచ్చి చీకటి పడినప్పుడల్లా అమ్మ డ్రమ్ము మీద చెయ్యి వేసేది, అదేదో దిగి పారిపోతుందన్నట్టు. నాకు నవ్వాగలేదు.

"నిజం చెప్పు. ఆవిడ ముట్టుకోదని నీకు ముందే తెలుసు కదూ?"

"నాకేటి తెలుసు?" అని కిటికీలోంచి కొండలు చూసింది. పెదవి చివర నవ్వు దాగలేదు.

హోటలావిడ ఫోన్లోంచే నాన్నకి కబురు చెప్పాను కాబట్టి, ఆయన రాయగడ స్టేషను బయట ఇడ్లీ బండితో సహా నిలబడి ఉన్నాడు. గ్రైండరు మా వీధిలోకి ఆ బండి మీద ఊరేగింది. ఆ సాయంత్రం మిల్లుకి వెళ్ళే వేళకి అమ్మకి కాళ్ళు నిలవలేదు. గిన్నెలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. అరవై రూపాయలు తీసి ఒక డబ్బాలో వేసింది. మర్నాడు అదే వేళకి మళ్ళీ అరవై. మిల్లుకి ఇస్తున్నట్టే, ఒక్కరోజు తప్పకుండా. సరిగ్గా పదిహేనో రోజున తొమ్మిది వందలయ్యాయి. కొరాపుట్‌కి పంపించేశాం. పదహారో రోజునుంచి ఆ అరవైలో ఇరవై ముడుపులోకి వెళ్ళడం మొదలైంది.

ఆ మరుసటి చైత్రంలో అమ్మవారి గుడికి వెళ్ళాం. అప్పటికి మూట బరువెక్కింది. గుడిమెట్ల మీద కూర్చుని అమ్మ ముడి విప్పింది. నేను గుళ్ళో ఎవరైనా పలకరిస్తారేమోనని కొత్త చున్నీ సర్దుకుంటున్నాను. నాలుగు వేల చిల్లర తేలింది. అందులోంచి పది నోటు ఒకటి, రూపాయి బిళ్ళ ఒకటి తీసి, కళ్ళకద్దుకుని హుండీలో వేసింది. మిగతాది ఒళ్ళో పెట్టుకుంది.

"అదేంటి? మిగతాది?"

"మొక్కింది పదకొండు రూపాయిలే."

"పదకొండా? మరి ఇదంతా?"

"ఆ గుడ్డలో ఉంటే ఎవులూ ముట్టరని ఎట్టేను. తల్లి కాపలా కాసింది. అందుకు కూడా ఒక కొబ్బరికాయ కొడతాన్లే."

"అమ్మా! అంటే ఆరోజు కొరాపుట్‌లో అందులో నీ డబ్బే ఉంది! వెయ్యికి పైన ఉంది! ఆవిడ కాళ్ళమీద పడినంత పని చేశావు, నాకు తల ప్రాణం తోకకొచ్చింది, గ్రైండరు పోతే పోయేది! విప్పి తొమ్మిది వందలు పారేస్తే ఐపోయేది కదే!"

చుట్టూ జనం చూస్తున్నారు. అమ్మ నోట్లు సమంగా మడత పెడుతూనే ఉంది.

"ఆ రోజిప్పేస్తే, ఆ మర్నాడు మీ నాన్నకి జొరమొస్తే ఏటిప్పుదును?"

లెక్కలు రావని ఈ మనిషినేనా నేనన్నది? కళ్ళు చెమర్చాయి, దాచుకోవడానికి మెట్ల కిందకి నాగావళి వైపు చూశాను. అమ్మ అదే పసుపు గుడ్డ మోకాళ్ళ మీద పరిచి, నోట్లన్నీ మధ్యలో పెట్టింది. ముడి వెయ్యబోతూ ఆగి, నా వైపు చెయ్యి చాపింది.

"పెన్సిలు డబ్బాలో ఉన్నదెయ్యి."

కొత్త నెల ట్యూషను డబ్బు వంద ఉంది అందులో. ఎలా తెలిసిందని అడగలేదు. తీసి గుడ్డలో వేశాను.